గన్‌స్మోక్ ఎపిసోడ్ మీద అభిప్రాయం రాయాలంటే

పాత వెస్టర్న్ సీరియల్‌లో ఒక ఎపిసోడ్ చూసినవాళ్లని ఎలా ఉందని అడిగితే, ఎక్కువగా వచ్చే జవాబులు రెండే. బాగుంది, లేకపోతే బోర్ కొట్టింది. ఈ రెండిట్లో ఏదీ నాకు ఉపయోగపడదు. నేనింకా చూడని ఎపిసోడ్ అయితే చూడాలో వద్దో తేలదు. చూసిందే అయితే, నా కంటపడనిది వాళ్లకేం కనిపించిందో తెలియదు. అందుకే నా పద్ధతి రాస్తున్నాను.

నేను మూడేళ్లుగా గన్‌స్మోక్ అనే పాత అమెరికన్ టీవీ సీరియల్ చూస్తున్నాను. వారానికి రెండు ఎపిసోడ్లు, ఒక్కోదానికి నోట్‌బుక్‌లో ఒక పేజీ. మా బావగారు కూడా అవే చూస్తారు, ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుంటాం. సెలవులైతే మా అమ్మాయి కూడా చేరుతుంది. 1955 నుంచి 1975 దాకా సీబీఎస్ అనే అమెరికన్ ఛానల్లో ఇరవై సీజన్లు, మొత్తం 635 ఎపిసోడ్లు. మేం సగానికి దగ్గరపడ్డాం.

అభిప్రాయం రాసే ముందు, మీరు చూసింది ఏ ప్రింటో, అంటే పూర్తి కాపీయో కోత పడిందో తెలుసుకోండి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. మొదట్లో ఒక గంట ఎపిసోడ్ చూసి, ఆఖర్లో ఒక పాత్ర మనసు మార్చుకోవడానికి కారణమే లేదని, రచయిత తొందరపడ్డాడని పేజీ నిండా రాశాను. ఫోన్‌లో గట్టిగా వాదించాను కూడా. బావగారు ఓపిగ్గా విని, "అమ్మా, వాళ్లిద్దరూ మంట దగ్గర కూర్చుని మాట్లాడుకునే సీను నువ్వు చూడలేదా?" అన్నారు. లేదు. నేను చూసిన ఛానల్ ఆ సీనుని కోసేసింది. ఆయన చూసిన డిస్క్‌లో ఉంది. కారణం మొత్తం ఆ సీన్లోనే ఉంది. రచయిత మీద రాసిన పేజీని కొట్టేశాను గానీ, చెయ్యని తప్పుకి ఒక మనిషిని తిట్టానన్న బాధ చాలా రోజులు ఉండిపోయింది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఆ రోజుల్లో గంట స్లాట్‌లో కథ దాదాపు యాభై నిమిషాలు ఉండేది. ఇప్పుడు అదే గంటలో ప్రకటనలకి ఎక్కువ టైమ్ కావాలి కాబట్టి, మళ్లీ ప్రసారం చేసేటప్పుడు సీన్లు కోస్తారు. పోయేవి చాలావరకు నెమ్మదిగా నడిచే సీన్లే. తుపాకీ పేలే సీను ఎవరూ కొయ్యరు, ఇద్దరు మనుషులు ఊరికే కూర్చున్న సీను కోస్తారు. అందుకని ప్రింట్ ఎన్ని నిమిషాలుందో ముందు చూడండి. అరగంట ఎపిసోడ్ అయితే ఇరవయ్యారు నిమిషాల దాకా ఉండాలి, గంట ఎపిసోడ్ అయితే యాభై దగ్గరగా. నలభై నాలుగో నలభై అయిదో కనిపిస్తే కోత పడిందని అర్థం. అప్పుడు కథ అతుకుల గురించి తీర్పు చెప్పకండి, నటన గురించి రాయండి చాలు.

ఏ కాలం ఎపిసోడో కూడా చూసుకోవాలి. 1961 దాకా అరగంటవి, ఆ తర్వాత గంటవి, 1966 నుంచి రంగుల్లో. గంట ఎపిసోడ్లు మొదలయ్యాక పాత అరగంటవాటిని 'మార్షల్ డిల్లన్' అనే పేరుతో మళ్లీ వేశారు. బ్రిటన్‌లో ఈ సీరియల్ పేరు 'గన్ లా'. పేరు వేరుగా కనిపిస్తే ఇంకో సీరియల్ అనుకోవద్దు. పోల్చేటప్పుడు అరగంటదాన్ని అరగంటదాంతోనే పోల్చండి. 1958లో అరగంటలో మనిషి చావు, దాని వెనక కారణం, ఊరు దాన్ని మర్చిపోవడం అన్నీ చెప్పాలి. 1970లో గంటకి ఆ ఇరుకు లేదు. మొదటిదాంట్లో పాత్రకి లోతు లేదనడం, రెండోది సాగదీశారనడం రెండూ తొందరపాటే. ఉన్న టైమ్‌ని ఎలా వాడుకున్నారన్నదే ప్రశ్న.

ఇక చూడటం. మొదటిసారి చూసేటప్పుడు పెన్ను పట్టుకోవద్దు. దీపం తగ్గించి, ఫోన్ పక్క గదిలో పెట్టి, మామూలు ప్రేక్షకుడిలా చూడండి. అయిపోయిన వెంటనే మూడే వాక్యాలు రాయండి. ఎవరికి ఏం కావాలి, అడ్డమేంటి, చివరికి ఎవరు ఏం పోగొట్టుకున్నారు. నచ్చిందా లేదా అన్నది ఇప్పుడే వద్దు. నేను తెల్లారేదాకా ఆగుతాను. రాత్రి బాగా కదిలించింది అనిపించిన ఎపిసోడ్లు పొద్దున్నకి ఒక్క సీను కూడా మిగల్చని సందర్భాలున్నాయి. విసుగ్గా చూసినవి, మర్నాడు బట్టలు ఆరేస్తుంటే గుర్తొచ్చి చెయ్యి ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి. పొద్దున్నకి గుర్తున్నదేంటో అదే మీ అభిప్రాయానికి మొదలు.

రెండోసారి మొత్తం చూడక్కర్లేదు. మీకు ముల్లులా గుచ్చుకున్న సీను ఒక్కటే చూడండి, కానీ మూడు రకాలుగా: మామూలుగా, శబ్దం తీసేసి, కళ్లు మూసుకుని.

దీన్ని ఒక ఎపిసోడ్ మీద చూపిస్తాను. గన్‌స్మోక్ మొట్టమొదటి ఎపిసోడ్, 'మ్యాట్ గెట్స్ ఇట్', 1955 సెప్టెంబర్ 10న వచ్చింది. మీరింకా చూడకపోతే ఇక్కడ ఆగి, చూసి రండి. కథంతా చెప్పబోతున్నాను.

కాన్సస్‌లోని డాడ్జ్ సిటీకి డాన్ గ్రాట్ అనేవాడు వస్తాడు. ఆ వేషం పాల్ రిచర్డ్స్‌ది. తుపాకీ దూయడంలో వాణ్ని మించినవాడు లేడు. అమరిల్లో నుంచి జిమ్ హిల్ అనే షెరీఫ్ వాణ్ని పట్టుకోవడానికి వస్తే చంపేస్తాడు. ఊళ్లో చట్టాన్ని కాపాడే మార్షల్, సీరియల్ హీరో మ్యాట్ డిల్లన్ ఎదురెళ్తే మ్యాట్‌నీ కొడతాడు. ఇరవై ఏళ్లు నడిచిన సీరియల్, దాని హీరో మొదటి ఎపిసోడ్‌లోనే వీధిలో నేలకూలతాడు! మ్యాట్ బతుకుతాడు, మంచం మీద ఉంటాడు, మళ్లీ లేచి అదే మనిషికి ఎదురెళ్తాడు.

మొదటిసారి చూసినప్పుడు నా నోట్‌బుక్‌లో "హీరో ఓడిపోవడం బాగుంది" అని మాత్రమే ఉంది. రెండోసారి శబ్దం తీసేసి ఆ రెండు ఎదురుకాల్పుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మాటలు వినబడనప్పుడు కళ్లు కాళ్ల మీదికి పోతాయి. గ్రాట్ దగ్గరికి వస్తాడు. నిలబడి పిలవడు, నడిచి వస్తాడు. ఎదుటివాడు తన వేగం గురించి ఆలోచిస్తూ ఉంటే వీడు దూరం తగ్గిస్తుంటాడు. వాడు వేగంగా దూస్తాడే గానీ గురి లేదు, అందుకే దగ్గర కావాలి. మంచం మీద పడుకుని మ్యాట్ కనిపెట్టింది అదే. రెండోసారి మ్యాట్ వాణ్ని దగ్గరికి రానివ్వడు. అంతే, వాడి వేగం దేనికీ పనికిరాకుండా పోతుంది.

ఇది చూశాక నా అభిప్రాయం మారింది. ఇది ధైర్యం గురించిన కథ కాదు, గాయపడ్డ మనిషి పడుకుని ఆలోచించిన కథ. నాకు నచ్చిందని చెప్పడానికి ఇప్పుడు ఒక ఆధారం ఉంది, ఎవరైనా వెళ్లి సరిచూసుకోవచ్చు. అభిప్రాయంలో నేను వెతికేది ఇదే. "ఉత్కంఠగా ఉంది" అని రాసే బదులు "రెండో ఎదురుకాల్పుల్లో ఇద్దరి మధ్య దూరం చూడండి" అని రాయండి. చదివినవాళ్లు చూస్తారు. మీతో ఒప్పుకోకపోయినా ఆ దూరాన్ని మాత్రం గమనిస్తారు.

కళ్లు మూసుకుని వినమన్నది ఎందుకంటే, గన్‌స్మోక్ పుట్టింది రేడియోలో. 1952లో సీబీఎస్ రేడియోలో మొదలైంది, నార్మన్ మెక్‌డొనెల్, జాన్ మెస్టన్ కలిసి తయారు చేసింది. అప్పుడు మ్యాట్ గొంతు విలియం కాన్రాడ్‌ది. టీవీకి వచ్చేసరికి ఆ పాత్రకి ఆరడుగుల ఏడంగుళాల జేమ్స్ ఆర్నెస్‌ని తీసుకున్నారు. తొలి సీజన్లలో చాలా కథలు రేడియో స్క్రిప్టుల నుంచి వచ్చినవే. అందుకే ఆ ఎపిసోడ్లలో కొన్ని సీన్లు చెవికే రాసినట్టు ఉంటాయి. ఎవరూ ఏమీ చెయ్యకుండా గదిలో నిలబడి మాట్లాడుకుంటున్నారని విసుక్కునే ముందు, ఒకసారి కళ్లు మూసి వినండి. మాట ఎక్కడ ఆగింది, జవాబు రావడానికి ఎంతసేపు పట్టింది అన్నవి తెలుస్తాయి. చాలా తొలి ఎపిసోడ్లు బూట్ హిల్ శ్మశానంలో మ్యాట్ తనలో తాను మాట్లాడుకుంటూ నడవడంతో మొదలవుతాయి. నాకు అవి ప్రాణం. మా అమ్మాయికి మాత్రం కథ మొదలవకుండా అడ్డం పడినట్టుంటుంది. ఆ విషయంలో మేమిద్దరం రాజీకి రాలేదు.

వినేటప్పుడు ఇంకొకటి పట్టుకోండి: ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారు. నువ్వు, మీరు అనే తేడా పుట్టుకతోనే వచ్చిన మన చెవికి ఇది త్వరగా అందుతుంది. ఇంగ్లీషులో ఆ తేడా లేదు, అందుకే పిలుపులో పెడతారు. మ్యాట్‌కి సాయంగా ఉండే చెస్టర్ ఎప్పుడూ "మిస్టర్ డిల్లన్" అంటాడు. సెలూన్ నడిపే కిట్టీ, ఊరి డాక్టరైన డాక్ "మ్యాట్" అంటారు. చెస్టర్ తర్వాత ఆ స్థానంలోకి వచ్చిన ఫెస్టస్ "మాథ్యూ" అంటాడు. ఒకే మనిషి, మూడు పిలుపులు, మూడు దూరాలు. చెస్టర్ గొప్పా ఫెస్టస్ గొప్పా అన్నది ఈ సీరియల్ ప్రేక్షకుల మధ్య ఎప్పటికీ తెగని తగువు. చెస్టర్ వేషం వేసిన డెన్నిస్ వీవర్ 1964లో వెళ్లిపోయాక, 1962లోనే ఒకసారి కనిపించిన కెన్ కర్టిస్ ఫెస్టస్‌గా స్థిరపడ్డాడు. బావగారు ఫెస్టస్ పక్షం. నేను చెస్టర్ పక్షం, దానికి కారణం ఆ కాలు. వంగని మోకాలితో మెట్లు దిగడం, గుర్రం ఎక్కడం, మార్షల్ వెనకాల పరుగెత్తడం. తొమ్మిదేళ్లు ఆ కాలిని వీవర్ మర్చిపోలేదు. ఒకసారి మీరు మోకాలు వంచకుండా కుర్చీలోంచి లేచి చూడండి. నేను చూశాను, ఆ తర్వాతే ఆయన పని విలువ నాకు తెలిసింది. 1959లో ఆయనకి ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది.

పెద్ద నటులు అతిథులుగా వచ్చిన ఎపిసోడ్ల విషయంలో జాగ్రత్త. అభిప్రాయం మొత్తం "అరే, ఈమె కూడా ఉంది" దగ్గరే ఆగిపోతుంది. 1966లో వచ్చిన 'ది జెయిలర్' ఎపిసోడ్‌లో బెటీ డేవిస్ ఉంది. భర్తని ఉరి తీయించాడని మ్యాట్ మీద పగబట్టిన ఆడమనిషి, కిట్టీని ఎత్తుకుపోతుంది. ఆమె ఉన్నంతసేపు చూపు తిప్పుకోలేం, నిజమే. కానీ నోట్‌బుక్‌లో నేను వేసుకున్న ప్రశ్న వేరే. ఆమె ఎదురుగా ఉన్న అమాండా బ్లేక్, అంటే కిట్టీ వేషం వేసిన నటి, ఏం చేస్తోంది? అంత పెద్ద నటి ముందు కిట్టీ తగ్గిందా, నిలబడిందా? నిలబడింది అని నేను రాశాను. బెటీ డేవిస్ అంత పెద్దగా కనిపించడానికి ఎదురుగా ఆ గట్టి గోడ ఉండటమూ ఒక కారణం.

అన్నిటికంటే కష్టమైనది కాలం సంగతి. 1950ల్లో, 60ల్లో తీసిన ఈ కథలు 1870ల గురించినవి. అంటే రెండు కాలాలు ఒకేసారి మన ముందుంటాయి. నేటివ్ అమెరికన్ పాత్రల్ని చాలాసార్లు తెల్లవాళ్లే వేశారు. 1962 నుంచి మూడేళ్లు ఉన్న క్వింట్ ఆస్పర్ అనే కమ్మరి సగం కొమాంచీ (ఒక నేటివ్ అమెరికన్ తెగ), ఆ వేషం బర్ట్ రెనాల్డ్స్‌ది. ఇలాంటిచోట "ఆ రోజుల్లో అంతేలెండి" అని దాటెయ్యడం నాకు ఇష్టం లేదు. ఎపిసోడ్ మొత్తాన్ని చెత్తబుట్టలో వెయ్యడమూ ఇష్టం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆ పాత్రకి పేరుందా? తన కోసం తను ఏమైనా కోరుకుంటుందా, లేక తెల్లవాళ్ల కోపానికో దయకో సాకు మాత్రమేనా? చివర్లో కెమెరా ఎవరి ముఖం మీద ఆగింది? ఆడపాత్రలకీ ఇవే ప్రశ్నలు. జవాబులు రాసిపెడితే తీర్పు దాదాపు దానంతటదే వస్తుంది. క్వింట్ ఎపిసోడ్లలోనే కొన్నిట్లో ఊరి ద్వేషాన్ని సూటిగా చూపించారు, కొన్నిట్లో అతను బలమైన చేతులకే పరిమితం. రెండూ రాయాలి.

ఒకటి మాత్రం చరిత్ర పరీక్షలా పెట్టకండి. డాడ్జ్ సిటీ నిజమైన ఊరు. 1872లో శాంటా ఫే రైలు వచ్చింది, తర్వాత పదేళ్లపాటు టెక్సాస్ పశువుల మందలతో నిండిపోయింది, సీరియల్‌లో కనిపించే లాంగ్ బ్రాంచ్ సెలూన్ కూడా నిజంగా ఉండేది. కానీ మ్యాట్ డిల్లన్ కల్పితం. నిజం డాడ్జ్‌లో ఇన్ని చావులు లేవని రాస్తే ఎపిసోడ్ గురించి ఏమీ చెప్పినట్టు కాదు. సెట్టు గోడ, స్టంట్ మనిషి ముఖం కనబడటం లాంటివి నేను ఒక్క ముక్కలో ముగిస్తాను. ఆ పాతకాలపు చిన్న తెరల మీద ఇవి ఇంత స్పష్టంగా కనిపించేవి కావు.

ఇతరుల అభిప్రాయాలు ఎప్పుడు వినాలి? మీది రాశాకే. ముందు వింటే వాళ్ల మాటే మన కంటికి అద్దమైపోతుంది. బావగారికి, నాకు ఒక ఒప్పందం ఉంది. ఇద్దరం పేజీ రాశామని చెప్పుకున్నాకే ఎపిసోడ్ గురించి నోరు విప్పుతాం. ఆయన వేరేగా అంటే, "ఏ సీన్లో అనిపించింది?" అని అడుగుతాను. సీను చెప్పగలిగితే ఆ రాత్రి మళ్లీ చూస్తాను. ఇలా రెండుసార్లు నా అభిప్రాయం మార్చుకున్నాను, ఒకసారి ఆయన మార్చుకున్నారు.

చివరగా రాత. ఏ ప్రింట్ చూశారో ఒక వాక్యం, కథ రెండు వాక్యాల్లో, గుచ్చుకున్న సీను వివరంగా, నచ్చనిది నిర్మొహమాటంగా. ముగింపు బయటపెడుతుంటే ముందే హెచ్చరించండి. డెబ్బై ఏళ్ల కిందటి ఎపిసోడైనా ఈ రాత్రే మొదటిసారి చూసేవాళ్లుంటారు. మార్కులు తప్పనిసరి అయితే ఆఖర్న వెయ్యండి, ముందే వేస్తే కింద రాసేదంతా ఆ అంకెని కాపాడటానికే సరిపోతుంది. ఆ మొదటి ఎపిసోడ్ మీద నా పేజీ ఇది:

"మ్యాట్ గెట్స్ ఇట్, సీజన్ 1, అరగంట, పూర్తి ప్రింట్. ముగింపు చెబుతున్నాను. వేగం గురించిన కథలా మొదలై దూరం గురించిన కథగా తేలుతుంది. రెండు ఎదురుకాల్పుల్లోనూ కాళ్లు చూడండి. కొత్త హీరోని పరిచయం చెయ్యడానికి ముందు వెస్టర్న్ సినిమాల పెద్ద హీరో జాన్ వేన్ వచ్చి మాట్లాడి వెళ్తాడు, ఆ తర్వాత అదే హీరోని నేల మీద పడేస్తారు. ఆ తెగువకి దండం పెట్టాలి. మంచం మీద మ్యాట్ ఆలోచించే భాగానికి ఇంకో రెండు నిమిషాలు ఇవ్వాల్సింది, కనిపెట్టడం కాస్త సులువైపోయింది. పాల్ రిచర్డ్స్ కోసం మళ్లీ చూస్తాను."

బావగారు దీనికి ఒప్పుకున్నారు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "అమ్మా, జిమ్ హిల్ సంగతేంటి? గ్రాట్ ఎలా చంపుతాడో మొదట కనబడింది అతని చావులోనే కదా. నీ పేజీలో అతని పేరే లేదు" అంది. మళ్లీ పెట్టుకుని చూశాం. తను చెప్పింది నిజం. పేజీ అడుగున ఖాళీ ఉంది, అక్కడ తన చేతే రాయించాను: "దూరం ఎంత ముఖ్యమో ముందు జిమ్ హిల్ చావులోనే ఉంది. అది అక్కడున్న ఎవరూ చూడలేదు, మ్యాట్ కూడా."